చెరకుతోటకు దుర్భిణి

మొన్నొక ఆదివారం పొద్దున మా తమ్ముడి కొడుకు కిశోర్ ఉయ్యూరు దగ్గర మా ఊరి నుంచి వచ్చాడు. పటమటలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, కాఫీ సగం తాగి, ఫోను నా చేతికిచ్చాడు. అందులో తుపాకీ గొట్టం మీద బిగించి గురి చూసుకునే సైట్ల బొమ్మలున్నాయి. ఒకదాని అద్దంలో ఎర్ర చుక్క వెలుగుతోంది. ఇంకొకటి పొడుగ్గా దుర్భిణిలా ఉంది. మూడోది చిన్న వీడియో కెమెరాలా ఉంది. చెరకుతోటల్లో మళ్ళీ అడవిపందులు పడుతున్నాయట. పంట పాడుచేసే పందుల్ని కొట్టడానికి లైసెన్సున్నవాళ్ళకు అనుమతి ఇస్తున్నారని విని వీడు దరఖాస్తు పెట్టాడు. తుపాకీ కొనడమే తరువాయి. "తోటలో పందులు బాగా దగ్గరగా ఉంటాయి కదా పెదనాన్నా, దట్టంగా ఆకు అడ్డం. అలాంటి చోట ఏ సైటు పనికొస్తుంది? మీరు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేశారు, పైగా తాతయ్య తుపాకీకి సైటు మీరే సెలెక్ట్ చేశారంట" అన్నాడు. నేను ఫోను తిరిగి ఇచ్చేశాను. వాడు చూస్తాడని చేతులు రెండూ తువ్వాలు కింద పెట్టుకున్నాను. వణుకుతున్నాయి.

డెబ్బై దాటినవాడి చేతులు వణికితే ఎవరూ కారణం అడగరు, ముసలితనం వల్ల కలిసొచ్చేది అదొక్కటే. కానీ నా వణుకు వయసుది కాదు. అది నాకు ఇరవయ్యో ఏట పట్టుకుంది. పట్టుకున్న రోజు, చోటు, నిమిషం అన్నీ నాకు తెలుసు. అప్పటి నుంచి ఇప్పటివరకు ఒక్కరికి కూడా చెప్పలేదు. మా ఆవిడకు చెప్పలేదు. మా అమ్మ పోయేముందు చెప్పాలనుకుని మంచం దాకా వెళ్ళి, మందులు వేసుకున్నావా అని అడిగి వచ్చేశాను. మా నాన్నకు చెప్పడం అనే మాటే లేదు, ఎందుకంటే దాచింది ఆయన దగ్గరే.

మా నాన్న తుపాకీ ఒక పాత రైఫిలు. పంట కాపలా కోసమని ఇచ్చిన లైసెన్సు మీద ఉండేది. ఆ రోజుల్లో పందిని కొట్టడం మా వైపు పెద్ద విశేషం కాదు, ఎలుకల బుట్టలు పెట్టినంత మామూలు పని. పుల్లేరు కాలువ గట్ల మీద తుమ్మలు, జమ్ము దట్టంగా ఉండేవి. పందులు అక్కడ పడుకుని, చెరకు తీపెక్కే వేళకు తోటల్లోకి దిగేవి. తినేది తక్కువ, తొక్కి పాడుచేసేది ఎక్కువ. ఆదివారాలు నాన్న వసారాలో చాప పరుచుకుని రైఫిలు విప్పేవాడు. అమ్మ పాత చీరల పీలికలు, కుట్టుమిషను నూనె సీసా, కిరసనాయిలు ముంచిన గుడ్డ, సన్నటి ఇనపచువ్వ. దూరంగా ఫ్యాక్టరీ నుంచి మొలాసిస్ వాసన, దగ్గరగా కిరసనాయిలు వాసన, వంటింట్లోంచి పప్పు ఉడుకుతున్న వాసన, మూడూ కలిస్తే అదే నాకు ఆదివారం. నాన్న తుడుస్తున్నంతసేపూ మాట్లాడడు. ఎవరైనా అటుగా నడిస్తే మాత్రం, గొట్టం ఖాళీగా ఉన్నా సరే, మూతిని గోడవైపు తిప్పేవాడు. పిల్లి వెళ్ళినా తిప్పేవాడు. మేమిద్దరం అన్నదమ్ములం దానికి నవ్వుకునేవాళ్ళం.

అమ్మకు ఆ తుపాకీ అంటే సరిపడేది కాదు. తోటలో పందులు పడ్డాయని నాన్న బయలుదేరితే ఆవిడ ఏమీ అనేది కాదు, కానీ ఆయన తిరిగొచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కునే చప్పుడు వినిపించేదాకా పులుసులో తాలింపు వేసేది కాదు. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు చిన్న పళ్ళెంలో సిద్ధంగా ఉండేవి. బాణలి పొయ్యి పక్కనే ఉండేది. మాకు ఆకలేసి అడిగితే, "నాన్నని రానీండి" అనేది. ఎందుకని అడిగితే కసురుకునేది. తాలింపు వేసేస్తే వంట అయిపోయినట్టు, అయిపోయిన వంట దగ్గరకు చెడ్డ కబురు రావడం తేలిక అని ఆవిడ లెక్కో ఏమో. ఆవిడ భయం మాకు అలా ఆకలి రూపంలో తెలిసేది.

నేను విజయవాడలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో నాన్నకు చత్వారం వచ్చింది. పేపరు చెయ్యి చాచి చదివేవాడు, చెయ్యి చాలనప్పుడు తమ్ముణ్ణి చదవమనేవాడు. దానికి ఆయన సిగ్గుపడలేదు. తుపాకీ దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాడు. పాత రైఫిలుకు కంటి దగ్గర ఒక గాడి, గొట్టం కొసన ఒక పూస ఉంటాయి. గాడిలో పూస కూర్చోవాలి, పూస మీద పంది కూర్చోవాలి. ఆ చలికాలం నాన్న కొట్టిన తూటా పందిని వదిలేసి, గట్టుమీద సైకిలు తోసుకుంటూ పోతున్న ఒకాయనకు కాస్త దూరంలో మట్టి లేపింది. సైకిలాయన తిట్టుకుంటూ పోయాడు. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు నేను కాలేజీకి బయలుదేరుతుంటే తనూ రైఫిలు గుడ్డలో చుట్టుకుని నాతో బస్సెక్కాడు.

వన్‌టౌన్‌లో మస్తాన్ సాహెబ్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. గడియారాలు, కుట్టుమిషన్లు, తుపాకులు బాగుచేసేవాడు. మనిషి నిలబడితే ఇంకో మనిషికి చోటు లేనంత కొట్టు. నాన్న చెప్పిందంతా విని, ఆయన రైఫిలు భుజానికి ఎత్తి చూసి దించాడు.

"కళ్ళు ముదిరాక మూడూ ఒక్కసారి కనపడవండీ వెంకట్రామయ్య గారూ. గాడి, పూస, పంది. మూడిట్లో ఒకదాన్ని వదిలెయ్యాల. గాడి తీసేయించుకోండి. దాని చోట ఈ రింగు పెడతా. రింగులోంచి చూస్తారు గానీ రింగుని చూడక్కర్లా. ముందు పూసకి తెల్లరంగు వేస్తా. పూస ఒక్కటి పంది మీద పెట్టుకుంటే చాలు."

ఆ రింగు చిన్న ఇనపముక్క. అప్పడం మధ్యలో వేలు పెట్టి పొడిచినంత అందంగా ఉంది చిల్లు. దాని పక్కనే అద్దాల బీరువాలో నల్లగా నిగనిగలాడుతూ ఒక దుర్భిణి సైటు ఉంది, ఎవరో అమ్మి పెట్టమని ఇచ్చింది. నా కళ్ళు దానిమీదే ఉన్నాయి. నేను చదువుతున్నది కటకాలు, ప్రతిబింబాలు. ముందు రోజే క్లాసులో దూరదర్శిని బొమ్మ గీశాం. అడిగి తీసుకుని కంటికి పెట్టుకున్నాను. వీధి చివర మందుల షాపు బోర్డు మీద చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను. లోపల సన్నటి గీతలు రెండు అడ్డంగా నిలువుగా, వాటి కలయికలో లోకమంతా వచ్చి ఆగినట్టు ఉంది. నాన్నకు అక్కడికక్కడే పాఠం చెప్పాను. గాడీ పూసా రెండూ అక్కర్లేదు, గురీ గుర్తూ ఒకే దూరంలో కనిపిస్తాయి, చత్వారానికి ఇదే మందు అన్నాను. పాఠం తప్పు కాదు. ఇప్పటికీ అదే చెబుతాను.

మస్తాన్ సాహెబ్ ఏమీ వాదించలేదు. కొట్టు దిగి నాలుగడుగుల దూరంలో వీధిలో నిలబడి, "ఇప్పుడు చూడు బాబూ, ఏం కనపడతాంది?" అన్నాడు. చూశాను. మసగ్గా తెల్లటి గుడ్డ, దాంట్లో ఒక బొత్తాం. "బొత్తాం" అన్నాను. "మనిషో?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "చెరకులో పంది ఇంత దగ్గరే ఉంటదండీ. ఇది కొండల మీద, మైదానాల్లో కొట్టేవాళ్ళకి. దట్టంలో కొట్టేవాడికి రెండు కళ్ళూ తెరిచి ఉండాల" అని నాన్నతో అన్నాడు. నాన్న నా మొహం చూశాడు. నా మొహం మాడిందని ఆయనకు తెలిసింది. "మావాడు చదువుకుంటున్నాడు సాయిబు గారూ, వాడు చెప్పిందే పెట్టండి" అన్నాడు. తిరుగు బస్సులో ఆయన ఒడిలో గుడ్డచుట్ట అంత లావైపోయి కండక్టరు రెండుసార్లు తట్టుకున్నాడు. నాకు మాత్రం గర్వంగా ఉంది. మా నాన్న నా మాట విని చేసిన మొదటి పెద్ద పని అది.

ఊళ్ళో పొలం గట్టున ఉన్న తాటిమొద్దుకు సున్నం పూసి, దూరం నుంచి కొట్టి చూశాం. నాన్న మొదటి దెబ్బకే కంటి పైన చీరుకుంది. రైఫిలు వెనక్కి తన్నినప్పుడు దుర్భిణి అంచు కనుబొమకు తగిలింది. నెత్తురు తుడుచుకుని రెండోసారి కొడితే అక్కడే మళ్ళీ తగిలింది. నేను కొడితే ఏమీ కాలేదు. మూడు తూటాలూ సున్నం మధ్యలో తగిలాయి. చూడవచ్చినవాళ్ళు తలో మాటా అన్నారు, నాకు ఒళ్ళు తేలిపోయింది. నాన్న కనుబొమ పట్టుకుని, "ఇక నువ్వే పట్టుకోరా, నాకిది పడేట్టు లేదు" అన్నాడు. ఆ సాయంత్రం అమ్మ పసుపు అద్దుతూ, ఆ గాజుబుడ్డి ఎందుకు కొన్నారండీ అని ఆయన్ని దులిపేసింది. ఆయన నన్ను చూపించి నవ్వాడు. నవ్వితే గాయం లాగిందేమో, వెంటనే ఆపేశాడు.

ఇక చెరకు కోత సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఫ్యాక్టరీ నుంచి కోతకు పిలుపు వచ్చాక కూలీలు తోటకు మూడు వైపుల నుంచి నరుక్కుంటూ వస్తారు. పందులు నరికిన చోట నిలవలేవు, ఇంకా నిలబడి ఉన్న చెరకులోకి జరుగుతాయి. జరిగి జరిగి ఆఖరికి కాలువ వైపు మిగిలిన చిన్న ముక్కలో పోగవుతాయి. ఆ ముక్క దగ్గర కత్తి ఆపేస్తారు. ఆడవాళ్ళు దూరంగా గట్టెక్కుతారు. మగవాళ్ళు మూడు పక్కలా నిలబడి కిరసనాయిలు డబ్బాలు వాయిస్తారు. నాలుగో పక్క, కాలువ ముఖంగా, తుపాకీ మనిషి మూల నిలబడతాడు. పందులు బయటపడి కాలువ వైపు పరుగెత్తుతుంటే వెనక నుంచి కొట్టాలి. తప్పిన తూటాను గట్టు మింగేస్తుంది. తుపాకీ మూతి గట్టు వైపే ఉండాలి, చెరకు వైపు తిరగకూడదు. నాన్న పెట్టుకున్న నియమం ఇంకొకటి కూడా ఉంది. తూటాలు కింద పెట్టెలో ఉంటాయి, పైన గొట్టం ఖాళీగా ఉంటుంది. పంది మొత్తం బయటికి వచ్చి కళ్ళబడ్డాకే బోల్టు లాగి తూటాను గొట్టంలోకి ఎక్కించాలి. ఆ ఒక్క క్షణం ఆలస్యమైతే పంది పోతుంది కదా అని నేను అడిగితే, "పోనీరా, పందే కదా" అన్నాడు.

ఆ పొద్దున మంచు ఇంకా ఆకుమీదే ఉంది. నేను మూల నిలబడ్డాను. నాకు అప్పటికే భయంగా ఉంది. తాటిమొద్దు కదలదు, దానికి కోరలుండవు. చెరకులోంచి పచ్చి బురద వాసన, దాంతోపాటు ఇంకేదో ఘాటైన వాసన వచ్చింది, అది పందిదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అవతల పక్క నాన్న, కూలీల మేస్త్రి సాంబయ్య, మిగతావాళ్ళు ఉన్నారు. డబ్బాలు మొదలయ్యాయి. లోపల ఏదో గుర్రుమంది, ఎవరో గట్టిగా కేక వేశారు, అంతే. బయటికి ఒక్కటీ రాలేదు. డబ్బాలు ఇంకా జోరందుకున్నాయి. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఒక పెద్ద పంది అవతలి వైపు తిరగబడి సాంబయ్యను చెరకులోకి పడగొట్టి, మందనంతా వెంటేసుకుని అటునుంచే పారిపోయింది. సాంబయ్య లేవలేదు. పిలిస్తే పలకలేదు. డబ్బాల మోతలో ఎవరు పిలిచినా వినపడే వీలు లేదు. మా నాన్న ఒక గోనెసంచిని మూల లోపలికి మడిచి నెత్తిన, వీపున వేసుకుని అతన్ని వెతకడానికి లోపల దూరాడు. చెరకులోకి దూరేవాళ్ళందరూ అలా వేసుకునేవాళ్ళే, లేకపోతే ఆకు ఒళ్ళంతా కోసేస్తుంది, నూగు పడి దద్దుర్లు లేస్తాయి. ఇవేవీ ఈ పక్కనున్న నాకు తెలియవు.

నాకు కనిపించింది చెరకు కొసలు కదలడం. ఆకుల తలలు ఒక వరసలో ఊగుతూ, ఆగుతూ, నా వైపే వస్తున్నాయి. అప్పుడు నేను చేసిన పని ఇప్పటికి ఎన్ని వందల సార్లు తలుచుకున్నానో చెప్పలేను. చూద్దామని తుపాకీ ఎత్తాను. కొట్టాలని కాదు, చూద్దామనే. అంత దూరాన అక్షరాలు చదివించిన అద్దం ఆకుల వెనక ఏముందో చూపించదా అనుకున్నాను. రింగో గాడో ఉన్నవాడు ముందు కళ్ళతో చూస్తాడు, తర్వాత తుపాకీ ఎత్తుతాడు. దుర్భిణి ఉన్నవాడు చూడాలంటేనే తుపాకీ ఎత్తాలి. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు, నేను చెప్పిన పాఠంలోనూ లేదు. మూతి చెరకు వైపు తిరిగింది. ఒక కన్ను మూసుకున్నాను.

అద్దంలో ముందు పచ్చటి మసక, తర్వాత ఎండుటాకు, తర్వాత గోధుమరంగు. పీచుపీచుగా, నిక్కబొడుచుకున్న వెంట్రుకల్లాంటివి. వంగి, నేలబారుగా, నా మీదికే కదులుతోంది. పారిపోవాలనిపించింది. అద్దంలోని అడ్డగీతలు దాని మధ్యలో నిలిచాయి. నేను నొక్కాను.

టక్ మంది. అంతే. గొట్టంలో తూటా లేదు. భయంలో బోల్టు లాగడం మర్చిపోయాను.

గోధుమరంగు పైకి లేచింది. గోనెసంచి కింద మా నాన్న మొహం. నా నుంచి పది అడుగులు ఉంటాడేమో. భుజం మీద సాంబయ్య చెయ్యి వేయించుకుని సగం మోస్తూ, సగం ఈడుస్తూ వస్తున్నాడు. నేను ఇంకా తుపాకీ దించలేదు. దించాలని తెలియలేదు. ఆయన సాంబయ్యను నేలమీద కూర్చోబెట్టి, నడుచుకుంటూ నా పక్కకు వచ్చి, ముందు మూతిని గట్టు వైపు తిప్పి, తర్వాత నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి రైఫిలు తీసుకున్నాడు. బోల్టు తెరిచి లోపలికి చూశాడు. ఒకటో రెండో క్షణాలు చూశాడు. ఈలోపు డబ్బాలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నేను చెరకు వైపు గురిపెట్టి ఉండటం వాళ్ళలో ఒకడు చూశాడు. "అయ్యా, మీరు లోపలుంటే బాబు గురి పెట్టాడండీ" అన్నాడు, గొంతు పోయినట్టు. నాన్న వెంటనే, "చూశాడు కాబట్టే ఆగాడు. నిదానం ఉన్నవాడు కనక సరిపోయింది, వేరేవాడైతే ఈపాటికి నేను లేను" అన్నాడు.

ఆ మాట ఊరంతా తిరిగింది. సాంబయ్య తొడకు కుట్లు పడ్డాయి, ఆ నెలంతా మంచం మీదే ఉండి, చూడవచ్చిన ప్రతివాడికీ నేను ఆగిన కథ చెప్పాడు. నేను దుర్భిణిలోంచి నాన్న కళ్ళు చూసి గుర్తుపట్టానన్నాడు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో తాలింపు వేసేసరికి మూడు దాటింది. అమ్మ నా కంచంలో నెయ్యి పోస్తూ పోస్తూ ఏడ్చింది, నా తల నిమిరింది. నేను తిన్నదంతా దొడ్లోకి వెళ్ళి కక్కుకున్నాను. ఎవరైనా ఒక్కరు నన్ను తిట్టి ఉంటే, ఒక్క దెబ్బ వేసి ఉంటే, నేను అక్కడే నిజం చెప్పేసేవాణ్ణి. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోలుకు అడ్డం చెప్పడానికి ఎక్కడ ధైర్యం తెచ్చుకోను? రెండు రోజులు పోతే చెబుదాం అనుకున్నాను, సెలవుల్లో చెబుదాం అనుకున్నాను, ఉద్యోగం వచ్చాక చెబుదాం అనుకున్నాను. ఈలోపు నాన్న విజయవాడ వెళ్ళి దుర్భిణి తీయించి, రింగు పెట్టించుకున్నాడు. దుర్భిణిని పాత బట్టల్లో చుట్టి అటక మీద పడేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. "నీకెందుకులేరా ఇవన్నీ, చదువుకో" అన్నాడు, అంతే.

తర్వాత నా బతుకంతా పైకి మామూలుగానే గడిచింది. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, పటమటలో ఫ్లాటు. లోపల మాత్రం ఆ టక్ మన్న చప్పుడు ఉండిపోయింది. లైటు స్విచ్చి వేస్తే వినపడేది. క్లాసులో కుర్రాళ్ళు బాల్‌పెన్ను నొక్కుతూ కూర్చుంటే నాకు చెమటలు పట్టేవి, బయటికి పొమ్మనేవాణ్ణి. పెన్ను మాస్టారని నాకు పేరు పెట్టారు. నా పిల్లలు దీపావళికి బొమ్మ పిస్తోలు అడిగితే లాగి ఒక్కటిచ్చాను. మా ఆవిడ, అదేం కోపమండీ అని నెలరోజులు సాధించింది. అది కోపం కాదు. మా ఊరు వెళితే మరీ కష్టం. వసారాలో నాన్న కుర్చీ, ఆయన మెడ వెనక భాగం, నెత్తి మీద తువ్వాలు చూస్తే నాకు ఆ అడ్డగీతలు కనపడేవి. పొద్దున వెళ్ళి సాయంత్రం బస్సుకు వచ్చేసేవాణ్ణి. కాలేజీలో పనులున్నాయని చెప్పేవాణ్ణి. ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. తమ్ముడు అక్కడే ఉండి వ్యవసాయం చూసుకున్నాడు, ఆఖరి దాకా నాన్న వాడి దగ్గరే సుఖంగా ఉన్నాడు. దిగులు పడాల్సింది ఏమీ లేదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఇదంతా కిశోర్‌కి ఫోను తిరిగిచ్చాక గడిచిన నాలుగు నిమిషాల్లో నా లోపల తిరిగింది. వాడు పాపం నేను ఆలోచిస్తున్నాననుకుని, మూడో బొమ్మ మళ్ళీ చూపించాడు. "ఇది వేడిని పట్టేస్తుంది పెదనాన్నా. ఆకు అడ్డమున్నా, సందుల్లోంచి వేడిగా ఉన్నదల్లా తెల్లగా మెరుస్తుంది. కొంతమంది తెప్పించుకుంటున్నారు. ఇదైతే ఇంక ఢోకా ఉండదు" అన్నాడు. వాడి మొహంలో వెలుగు చూశాను. సైటు మారింది, ఖరీదు మారింది, ఆ వెలుగు నాదే. మా కాలంలో బొత్తాం కనిపిస్తే మనిషి కనిపించలేదు. ఇప్పుడు వేడి కనిపిస్తుందట.

"మనిషికి కూడా వేడి ఉంటుంది కదరా" అన్నాను.

వాడు నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. అప్పుడు చెప్పాను. యాభై ఏళ్ళు దాటాక మొదటిసారి, బాల్కనీలో, కింద కూరగాయల బండివాడు మైకులో టమాటాలు అరుస్తుంటే చెప్పాను. తుపాకీ చూడటానికి ఎత్తానని, గోనెసంచి చూసి పంది అనుకున్నానని, ఆగలేదని, నొక్కానని. మీ తాతను నేను చంపేశానురా, తూటా లేక బతికాడు గానీ నా వైపు నుంచి అయిపోయింది అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తువ్వాలు కిందినుంచి చేతులు తీశాను, ఇంక దాచేది ఏముంది.

కిశోర్ ఫోను బోర్లా పెట్టాడు.

"తెలుసు పెదనాన్నా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఏం తెలుసు అన్నాను.

"తాతయ్య చెప్పాడంట నాన్నకి, పోయే ముందు ఏడాది. అప్పటికి డబ్బాలు ఆగాయంట, టక్ మనడం ఆయనకి వినపడిందంట. సాంబయ్యకి స్పృహ సరిగా లేదు గానీ తాతయ్యకి వినపడింది. లేచి నిలబడింది అందుకేనంట. తర్వాత బోల్టు తీయబోతే, వెనక సుత్తి పడిపోయి ఉందంట, నొక్కిన తుపాకీ అని తెలిసిపోయిందంట. అందరూ వస్తుంటే ఏం చెప్పాలో తోచక అలా అనేశాడంట."

"మరి నన్నెప్పుడూ అడగలేదే?" అన్నాను. నా గొంతు ఇరవై ఏళ్ళవాడి గొంతులా సన్నగా వచ్చింది. "ఒక్కసారి అడిగితే చెప్పేసేవాణ్ణి కదా. అన్నేళ్ళలో ఒక్కసారి."

కిశోర్ చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. కాఫీ గ్లాసు అటూ ఇటూ జరిపాడు. "నాన్న కూడా అదే అడిగాడంట. అడగొచ్చుగా అని. తాతయ్యకి భయమంట పెదనాన్నా. నాకు తెలుసని వాడికి తెలిస్తే, సిగ్గుపడి వాడింక ఇంటికి రావడం మానేస్తాడ్రా అన్నాడంట."

కింద బండివాడు వీధి మలుపు తిరిగాడు. నాన్న పోయేనాటికి నేను ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకుని ఇరవై రెండేళ్ళయింది.